అందరూ ఒక ఏడు చిన్నవాళ్ళయ్యే లెక్క

ఆ రోజు పొద్దున్నే మా ఇంటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఎదురింటి అంకుల్. మా ఊరు షామ్‌బర్గ్‌లో ఇంకా చలి తగ్గలేదు. ఆయన ఒంటిమీద కోటు లేదు, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులున్నాయి.

“మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా,” అన్నారు. “నిద్రలోనే. పిల్లలకి ఫోన్ చేశాను. బయల్దేరారు.”

లోపలికి రమ్మని తలుపు పూర్తిగా తెరిచాను. ఆయనే మళ్ళీ, చాలా మామూలుగా, “కాస్త కాఫీ ఇస్తావా? ఇంట్లో ఎప్పుడూ తనే కలిపేది. పొడి ఎక్కడుందో కూడా నాకు తెలియట్లేదు,” అన్నారు. కాఫీ కలిపి ఇచ్చాను. వంటింట్లో నిలబడే ఒక గుక్క తాగి, “పంచదార ఎక్కువైంది,” అని, అప్పుడు కుర్చీలో కూర్చుని ఏడ్చారు.

ఆ ఏడుపు గురించి రాయడానికి కాదు నేను కూర్చున్నది. ఆవిడ మా మధ్య ఎంత సరదాగా బతికారో చెప్పాలని.

మా వీధిలో పిల్లలందరికీ ఆవిడ లెక్కల ఆంటీ. నాకూ ఆంటీయే, నా కూతురు నిత్యకీ ఆంటీయే. డెబ్భై దాటిన మనిషిని అమ్మమ్మ అనమని నేను నిత్యకి నేర్పబోతే ఆవిడే అడ్డం పడ్డారు. “వరసలు కలిపావంటే వయసు గుర్తొస్తుందే. ఆంటీ చాలు,” అన్నారు. చీరాల దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరుగా ఉన్నాయన కూతురు ఆవిడ. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పారు. అంకుల్ ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చాక, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రిటైరయ్యేదాకా మళ్ళీ లెక్కలే చెప్పారు. ఏం చెప్పేవారని అడిగితే, “పెద్దవాళ్ళకి భిన్నాలు. పగలంతా డ్యూటీ చేసొచ్చిన నర్సులకి, ట్రక్కు నడిపేవాళ్ళకి. అంత బుద్ధిగా వినే క్లాసు నాకు ఇంకెక్కడా దొరకలేదు,” అనేవారు.

మేం ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలంలో, మంచు తవ్వడం రాక నేనూ మా ఆయనా అవస్థ పడుతుంటే, ఆవిడ చీర మీద పొడుగాటి కోటు వేసుకుని, చేతిలో గోంగూర పచ్చడి సీసాతో వీధి దాటి వచ్చారు. మా కారు అద్దం మీద పేరుకున్న మంచులో వేలితో ఒక త్రిభుజం గీసి నిత్యని ఏదో అడిగారు. అది నా వెనక నక్కింది. ఆవిడ ఆ త్రిభుజానికి రెండు కళ్ళూ మూతీ పెట్టి, “సరే, దీనికి పేరు పెట్టు, చాలు,” అన్నారు. గ్లవుజులు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. వేళ్ళు కప్పేసుకుంటే లెక్క ఎలా పెట్టాలని ఆవిడ వాదన. అందులో తర్కం నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

భోజనానికి ముందు ఆవిడ ప్రార్థన కళ్ళు తెరిచే సాగేది. కూర చల్లారుతోందేమోనని ఒక కన్ను గిన్నె మీదే ఉండేది. పిల్లలు లెక్క తప్పు చేస్తే తప్పు అనేవారు కాదు, “ఇంకోసారి” అనేవారు. ఎంత పెద్ద లెక్క తెచ్చినా, “ముందు చిన్నవి చెయ్యి. చిన్నవాటిని మంచి చేసుకుంటే పెద్దవి వాటంతటవే వస్తాయి,” అనేవారు.

నిత్య సంగతి కొంచెం చెప్పాలి. మా చుట్టూ ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇద్దరు తల్లులు కలిస్తే మూడో మాట పిల్లల్ని లెక్కల్లో ఏ స్థాయి క్లాసులో వేశారన్న మ్యాథ్ ట్రాక్ గురించే. ఎవరి పిల్ల అడ్వాన్స్‌డ్‌లో ఉంది, ఎవరిది ఏ కోచింగ్ అని. నిత్యకి టైమర్ పెట్టే పరీక్షలంటే హడల్. పరీక్ష ఉన్న రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి అనేది. డాక్టరుకు చూపించాం. కడుపులో ఏమీ లేదు. ఐదో తరగతి చివర్లో స్కూల్ వాళ్ళు దాన్ని అడ్వాన్స్‌డ్‌లోకి తీసుకోలేదు. ఆ సాయంత్రం కార్లో వెనక సీటులోంచి, “అమ్మా, నేను మ్యాథ్ పర్సన్ కాదు. ఇట్స్ ఓకే,” అంది. పదేళ్ళ పిల్ల నన్ను ఓదార్చడం నా గుండెల్లో గుచ్చుకుంది.

ఆ వేసవిలోనే ఆంటీవాళ్ళ తెలుగు చర్చి పిక్నిక్‌కి మమ్మల్నీ పిలిచారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాకపోయినా ఆవిడ ఏ పిక్నిక్‌కీ మమ్మల్ని వదిలిపెట్టేవారు కాదు. చెరువు పక్కన పార్కు, బిర్యానీ ట్రేలు, వాలీబాల్. పిల్లలంతా నీటి అంచుకు వెళ్ళి బాతుల్ని చూస్తామని గొడవ. తల్లులు వద్దంటున్నారు. ఆంటీ మడతకుర్చీలో అక్కడే కూర్చుని, తను చూస్తుంటానని ఒప్పించి, ఒక రూలు పెట్టారు.

“గుంపుగా వెళ్ళండి. కానీ గుంపులో అందరికన్నా చిన్నవాడి వయసెంతో, అంతకన్నా ఎక్కువమంది ఉండకూడదు. నాలుగేళ్ళవాడు ఉంటే నలుగురే. అందరిలోకీ చిన్నది ఏడేళ్ళ పిల్లయితే ఏడుగురు వెళ్ళొచ్చు.”

పిల్లలు వేళ్ళు మడుచుకుంటూ గుంపులు కట్టారు. ఒక కుర్రాడు, “మా తమ్ముడికి వన్ ఇయర్ ఆంటీ. వాడు ఒక్కడే వెళ్ళొచ్చా?” అన్నాడు. “రూలు ప్రకారం వెళ్ళొచ్చు. మీ అమ్మ ఒప్పుకోదు, అది వేరే సంగతి,” అన్నారు ఆంటీ.

భోజనాలయ్యాక ఆవిడ అసలు ప్రశ్న వదిలారు. ఒక్కో వయసుకి ఒక్కరే ఉన్నారనుకోండి: ఏడాది పిల్ల, రెండేళ్ళ పిల్ల, అలా ఐదేళ్ళదాకా ఐదుగురు. ఈ రూలు తప్పకుండా ఎన్ని రకాల గుంపులు వెళ్ళొచ్చు? గడుసు పిల్లలు గబగబా లెక్కపెట్టి పన్నెండు అని అరిచి వాలీబాల్‌కి పరిగెత్తారు. ఒక్కొక్కరుగా ఐదు, జంటలుగా ఆరు, మూడు నాలుగు ఐదేళ్ళవాళ్ళు కలిసి ఒకటి. నేనూ పన్నెండనే అనుకున్నాను.

నిత్య మాత్రం పేపర్ ప్లేట్‌లో వేరుశనగ గింజలు పేర్చుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి తలెత్తి, “థర్టీన్,” అంది.

“పన్నెండే కదే,” అన్నాను నేను.

“ఎవరూ వెళ్ళకపోతే? అప్పుడు కూడా రూల్ బ్రేక్ అవ్వదు కదా, ఆంటీ?”

ఆంటీ దాని ముఖంలోకి చూశారు. గుంపుల్లో కలవకుండా అంచున కూర్చునే పిల్ల అది. ఎవరూ లేని గుంపును లెక్కలో వేసింది అదొక్కతే. “అవ్వదు,” అన్నారు ఆవిడ నెమ్మదిగా. “పదమూడు. ఖాళీ గుంపు కూడా గుంపే. దాన్ని మర్చిపోయినవాళ్ళకి ఏ లెక్కా కుదరదు.”

మర్నాటి నుంచి నిత్య ఆవిడ వాకిట్లోనే ఉంది. ఒక్క పిల్ల ఉంటే రెండు రకాలు, ఇద్దరుంటే మూడు, ముగ్గురికి ఐదు, నలుగురికి ఎనిమిది, ఐదుగురికి పదమూడు. ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తోంది. “మన పద్యాల్లో లఘువులూ గురువులూ పేర్చినా ఇవే అంకెలొస్తాయే,” అంటూ ఆవిడ బల్ల మీద చిటికెలతో, చరుపులతో వినిపించారు. నిత్యకి పద్యం అంటే ఏమిటో తెలియదు, తాళం మాత్రం నచ్చింది.

“కానీ ఎందుకు అలా వస్తుంది?” అని అడిగింది.

ఆంటీ అప్పుడు చెప్పిన జవాబు మీకూ చెబుతాను, అంత బాగుంటుంది. ఐదేళ్ళ పిల్ల లేని గుంపులు ఎలాగూ పాత ఎనిమిదే. ఉన్న గుంపులో నుంచి ఆ పెద్దపిల్లని ఇంటికి పంపెయ్యండి. మిగిలినవాళ్ళందరి వయసూ ఒక్క ఏడు తగ్గించండి. మంది ఒకటి తగ్గింది, చిన్నవాడి వయసూ ఒకటి తగ్గింది. రూలు చెక్కుచెదరలేదు. ఇప్పుడు గుంపులో ఎవరికీ మూడేళ్ళు మించవు, కాబట్టి ఇవి మూడేళ్ళలోపు పిల్లల గుంపులు: ఐదు. ఎనిమిదీ ఐదూ పదమూడు.

నిత్య నోరు తెరుచుకుని వింది. కాసేపు గింజల్ని అటూ ఇటూ జరిపి, “ఆంటీ, ఒక పెద్దవాళ్ళు తోడు వెళ్తే? అప్పుడు డబుల్ ఓకేనా? లైక్, చిన్న బేబీకి వన్ అయితే ఇద్దరు వెళ్ళొచ్చు. టూ అయితే నలుగురు.”

“అప్పుడు ఎన్ని గుంపులో...” ఆవిడ ఆగిపోయారు. తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. “నాకు తెలీదే!”

పెద్దవాళ్ళు ఆ మాట అంత ఆనందంగా అనగా నిత్య అదే మొదటిసారి వినడం. నాకూ కొత్తే. “తెలీదు అన్నమాట వచ్చిందంటే వెంటనే మింగెయ్యకూడదు, కాసేపు చప్పరించాలి,” అన్నారు ఆంటీ.

ఇద్దరూ కొత్త రూలుతో మొదలెట్టారు. రెండు, నాలుగు, ఏడు, పన్నెండు. ఆవిడ కనుక్కునేశారు: ముందున్న రెండూ కలిపి, ఇంకో ఒకటి వెయ్యడమే. రెండూ నాలుగూ ఒకటీ ఏడు. నాలుగూ ఏడూ ఒకటీ పన్నెండు. “అయితే ఐదుగురికి ఇరవై!” అని అంకుల్‌ని పిలిచి మరీ చెప్పారు. నిత్య మరుసటి రోజంతా గింజలు పేర్చి, భయంభయంగా వెళ్ళి, “నాకు ట్వెంటీ వన్ వస్తోంది. సారీ, ఆంటీ,” అంది.

“ఇంకోసారి.”

మళ్ళీ ఇరవై ఒకటే. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని స్వయంగా లెక్కపెట్టారు. ఇరవై ఒకటి. నేను వాళ్ళింటికి చేరేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. “జీవితమంతా పాఠాలు చెప్పి, ఐదో మెట్టు మీద జారిపడ్డాను. పడేసింది నీ కూతురు!” అన్నారు. ఆ వారం చర్చిలో, కొట్లో, ఫోన్లో, కనబడిన ప్రతివాళ్ళకీ తను ఓడిపోయిన కథ గర్వంగా చెప్పుకున్నారు.

ఆకులు రాలే కాలానికి ఆంటీకి క్యాన్సర్ అని తేలింది. కీమో మొదలైంది. జుట్టు ఊడిపోతే ఊదారంగు ఉన్ని టోపీ పెట్టుకున్నారు. నేను నిత్యని వాళ్ళింటికి పంపడం మానేశాను. ఓ వారం గడిచేసరికి అంకుల్ వచ్చారు.

“పిల్ల రావట్లేదేంటమ్మా?”

“ఆంటీకి రెస్ట్ కావాలె గదా అంకుల్. ఇది పోతే ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతది.”

“వచ్చినవాళ్ళంతా రెస్ట్ తీసుకోమనే చెబుతున్నారు. ప్రశ్న అడిగేవాళ్ళే కరువయ్యారు. పంపించమ్మా.”

పంపించాను. ఆ చలికాలమంతా స్కూల్ బస్సు దిగి నిత్య తిన్నగా అక్కడికే వెళ్ళేది. ఆంటీ వాలుకుర్చీలో దుప్పటి కప్పుకుని, ఇది కార్పెట్ మీద బోర్లా పడుకుని. కొన్ని రోజులు ఆవిడ మాట్లాడే ఓపిక లేక కళ్ళు మూసుకుని ఉండేవారు. అప్పుడు ఇది తన పాటికి గింజలు పేర్చుకునేది. ఆరుగురికి ముప్ఫైఏడు అని తేలింది. ఎందుకో మాత్రం తేలలేదు. పాత ఉపాయం పనిచెయ్యడం లేదు. ఒకర్ని ఇంటికి పంపితే, ఈ కొత్త రూలు ప్రకారం మిగిలినవాళ్ళ వయసు అర ఏడు తగ్గాలి. అర ఏడు పిల్లలు లెక్కలో లేరు.

ఒక సాయంత్రం దాన్ని తీసుకెళ్దామని వెళ్ళాను. ఆంటీ నిద్రపోతున్నారనుకుని గుమ్మంలోనే ఆగాను. నిత్య ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

“ఇద్దరు! ఆంటీ, ఇద్దర్ని పంపాలి. హాఫ్ ప్లస్ హాఫ్. ఇద్దరు బిగ్ కిడ్స్ కలిసి వెళ్ళిపోతే, అందరూ ఫుల్‌గా ఒక ఇయర్ చిన్న అవుతారు!”

ఆంటీ కళ్ళు తెరిచారు. “ఆరేళ్ళవాడు ఉండి, ఐదేళ్ళవాడు లేకపోతేనో?”

“అప్పుడు...” ఒక గింజను పక్కకి జరిపింది. “ఆరు ప్లేస్‌లో ఐదుని పెట్టొచ్చు. రూల్‌కి ఏం కాదు. ఐదు ఉన్నవి మనకి ఆల్రెడీ తెలుసు, ట్వెంటీ వన్ మైనస్ ట్వెల్వ్, నైన్.”

“ఇద్దరూ ఉంటే?”

“ఇద్దరూ ఇంటికి. మిగిలినవాళ్ళు త్రీలోపే. సెవెన్. నైన్ ప్లస్ సెవెన్ సిక్స్‌టీన్. ఆరు లేనివి పాత ట్వెంటీ వన్. ప్లస్ సిక్స్‌టీన్...” మోకాళ్ళ మీదే ఆవిడ కుర్చీ దగ్గరికి జరిగింది. “థర్టీ సెవెన్, ఆంటీ.”

ఆవిడ దుప్పటిలోంచి చెయ్యి చాపి దాని తల మీద పెట్టి అలాగే ఉంచారు. అంకుల్ వంటింట్లోంచి వచ్చి ఏమైందని కంగారుపడ్డారు. “ఏమీ కాలేదు. దొరికింది,” అన్నారు ఆవిడ.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ ఆంటీ ఎందుకవుతారు? వసంతం వచ్చాక, ఒంట్లో కాస్త తేలికపడ్డాక, ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ భోజనాలకి హాల్లో చేరినప్పుడు, నిత్య ఆ లెక్క పిల్లలందరికీ చెబుతుందని ప్రకటించారు. ఆ పొద్దున దానికి మళ్ళీ కడుపునొప్పి. నేను వద్దులెమ్మన్నాను. అదే, “ఆంటీ వస్తున్నారు కదా,” అంటూ షూస్ వేసుకుంది.

తెల్ల బోర్డు ముందు నిలబడి, తనకొచ్చిన తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పింది. వాలీబాల్ పిల్లలందరూ ఉన్నారు. బాగానే సాగింది. ఇద్దర్ని ఇంటికి పంపి అందర్నీ ఒక ఏడు చిన్న చేసేదాకా వచ్చింది. అప్పుడు ముందు వరసలోంచి ఊదారంగు టోపీ మనిషి చెయ్యెత్తారు.

“నాకో డౌటు. గుంపులో ఏడాది పిల్ల ఉందనుకో. ఒక ఏడు తగ్గిస్తే దానికి సున్నా వస్తుంది. సున్నా వయసువాళ్ళు మన లెక్కలో లేరు కదా. మరి ఏం చేస్తావ్?”

నిత్య ముఖం పాలిపోయింది. నేను లేవబోయాను. ఆంటీ వెనక్కి తిరక్కుండానే నన్ను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, దాచుకోను. ఇంతమంది ముందు పిల్లని ఇలా నిలదీయాలా?

నిత్య బోర్డు వైపు తిరిగింది. భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగినప్పుడు నవ్వుతోంది.

“ఆ గుంపు లేదు, ఆంటీ! వన్ ఇయర్ బేబీ ఉంటే మొత్తం ఇద్దరే ఉండాలి. బేబీ, ప్లస్ ఇంటికి పంపే ఇద్దరు బిగ్ కిడ్స్ అంటే ముగ్గురు. రూల్ ఒప్పుకోదు. సో, జీరో ఎప్పుడూ రాదు!”

ఆంటీ లేచి నిలబడ్డారు. నిలబడటానికి ముందు కుర్చీని పట్టుకోవలసి వచ్చింది. “ఈ జవాబు నేను చెప్పలేదు. దీనికి నేను నేర్పలేదు,” అని హాలంతటికీ వినిపించేలా అన్నారు. అప్పుడర్థమైంది, ఆ ప్రశ్న కావాలనే దాచి ఉంచారని. ఇంట్లో అడిగి ఉంటే ఇద్దరూ కలిసి సాధించినట్టు అయ్యేది. ఇక్కడ అడిగితే అది దాని సొంతం.

ఇంటికి వచ్చే దారిలో నేను ఊరుకోలేక, “ఆంటీ, ఒకవేళ చెప్పకపోతే ఎట్లుండె?” అని అడిగాను.

“ఇంకోసారి అనేదాన్ని,” అన్నారు ఆవిడ. “అంతకంటే ఏముందమ్మా.”

ఆ తర్వాత ఆవిడకి మంచి రోజులే దొరికాయి. వేసవిలో గోంగూర కుండీలు మళ్ళీ పెట్టారు. ఐసెలిన్‌లో చెల్లెలింటికి వెళ్ళి పది రకాల మిఠాయిలు తెచ్చి వీధంతా పంచారు. జబ్బు తిరగబెట్టిందని తెలిసినప్పుడు మందులు ఇంక చాలని తనే డాక్టరుకు చెప్పారు. మాకు చెప్పేటప్పుడు గొంతులో ఏ బరువూ లేదు. “కుండీల్లో ఉన్న గోంగూర తినాలి, అంతే. మిగతావన్నీ అయ్యాయి,” అన్నారు. చివరి నెలల్లో నిత్య వెళ్తే లెక్కలకన్నా కబుర్లే ఎక్కువ. స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆవిడకి పూర్తిగా తెలుసు.

నా కూతురు లెక్కల్లో మేధావి అయిందని మీరు అనుకోకూడదు. అడ్వాన్స్‌డ్ క్లాసులోకి ఇప్పటికీ వెళ్ళలేదు. మొన్నటి టెస్టులో బి వచ్చింది. కానీ పరీక్షరోజు పొద్దున శుభ్రంగా రెండు దోసెలు తిని వెళ్తుంది. తెలియనిది ఎదురైతే పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, అచ్చం ఆవిడలాగే పెదాలు చప్పరిస్తుంది. అలా ఎందుకు చేస్తావని నేను అడగను.

అంత్యక్రియలు ఒక పనిరోజు మధ్యాహ్నం జరిగాయి. చర్చి నిండిపోయింది. ఎప్పుడో ఆవిడ దగ్గర భిన్నాలు నేర్చుకున్న ఒక పెద్దమనిషి, ట్రక్కు డ్రైవరు, వెనక వరసలో తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. స్మశానానికి కార్లన్నీ ఇక్కడి ఆనవాయితీ ప్రకారం పట్టపగలే లైట్లు వేసుకుని, చిన్న జెండాలు తగిలించుకుని నెమ్మదిగా వరసగా సాగాయి. అంకుల్ ముందు కారులో, కిటికీ పక్కన. మాది వెంటనే వెనకది. నిత్య నా పక్కన కూర్చుని ఉంది.

రోడ్డు మీద ఎదురొచ్చే కార్లు మర్యాదగా పక్కకి ఆగుతున్నాయి. ఒకచోట పసుపుపచ్చ స్కూల్ బస్సు ఆగి ఉంది. బడి వదిలాక ఇళ్ళకు వెళ్తున్న చిన్నపిల్లలు. ఏం జరుగుతోందో వాళ్ళకేం తెలుసు? లైట్లూ జెండాలూ చూసి ఊరేగింపనుకున్నారు కాబోలు, కిటికీలకి ముఖాలు ఆనించి ఉత్సాహంగా చేతులు ఊపడం మొదలెట్టారు.

ముందు కారు అద్దం మెల్లగా కిందికి దిగింది. అంకుల్ చెయ్యి బయటికి వచ్చింది. బస్సు చివరి కిటికీ దాటేదాకా ఆయన ఆ పిల్లలకి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.